పూరణ మీట

ముప్పై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి యింటిపట్టున విశ్రాంతి తీసుకోవలసినవాడు, నల్లని తెర ముందు కూర్చుని ఏ మీట నొక్కితే ఏమి జరగాలో తానే నిర్ణయించుకుంటూ కాలం గడుపుతున్నాడంటే విన్నవాళ్ళకు వింతగానే వుంటుంది. మా ఆవిడ అయితే "ఈ వయసులో మీకీ మీటల గొడవ ఏమిటండీ?" అని రోజుకొకసారైనా అంటుంది. ఆ గొడవ నన్నెందుకు పట్టుకుందో, దాని వెనుక నేను పోగొట్టిన రెండు మాటల సంగతి ఏమిటో చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను. మధ్యలో కొంత యంత్రవిద్య వస్తుంది. ఛందస్సు చెప్పినట్టే మెల్లగా చెబుతాను, జడుసుకోకండి.

నాతోపాటు ఒకే బడిలో పనిచేసిన మిత్రులొకరు వుండేవారు. ఆయన లెక్కల మాస్టారు, కాని మనసంతా మాటల మీదే. వేసవి సెలవులకు పిల్లలకు లెక్కలు ఇచ్చేవారు కారు. "మీ తాతను అడిగి నాగలి సామాను పేర్లు వ్రాసుకురండి, మీ అవ్వను అడిగి మగ్గం సామాను పేర్లు వ్రాసుకురండి" అని పంపేవారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లోను, చేనేత పదాలతో 1971లోను వెలువడింది. ఆ రెండు సంపుటాలూ మావారికి భారత భాగవతాలు. "అంతటివారు అంత చేశారు, మన చుట్టుపక్కల పది పల్లెల్లో మిగిలిపోయినవి మనం ఏరుకోవద్దా పంతులుగారూ?" అనేవారు నాతో. అలా ఏరినవి పదకొండు నోటుపుస్తకాలు అయినాయి. మేడి, కర్రు, కాడి, పలుపు, గొర్రు, గుంటక, పడుగు, పేక, నాడె, కండె, ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క కథ.

ఆయనకు జబ్బు ముదిరినప్పుడు ఆ పుస్తకాలను నా చేతిలో పెట్టి, వీటిని కంప్యూటరులోకి ఎక్కించే పూచీ నాదన్నారు. సరేనన్నాను. నాకప్పటికే కుడిచేతి వేళ్ళు కొద్దిగా వణుకుతుండేవి. ఒక మాట కొట్టబోయి రెండు మీటలు తగిలేవి. అయినా మాట యిచ్చినవాడిని.

సాఫ్టువేరు ఉద్యోగంలో వున్న నా పూర్వవిద్యార్థి ఒకడు ఒక పాత కంప్యూటరులో లినక్సు ఎక్కించి తెచ్చి పెట్టాడు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క చిన్న దస్త్రం, మాట పేరే దస్త్రం పేరు, అన్నీ ఒకే చోట. ఇదీ వాడు చెప్పిన ఏర్పాటు. "ఎందుకురా ఇన్ని?" అంటే, "వెదకడం తేలిక మాస్టారూ. రేపు ఎవరు ఏ రూపంలో కావాలన్నా కూర్చి యివ్వవచ్చు" అన్నాడు. ఆజ్ఞలు వ్రాసే ఆ నల్లని తెరను షెల్లు అంటారు. మన మాటను యంత్రానికి చేరవేసే దుబాసీ అన్నమాట. నాకు దొరికిన దుబాసీ పేరు బాష్. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ అనే ఆయన వ్రాయగా 1989లో బయటికి వచ్చింది. తరువాత చాలా కాలంగా చెట్ రేమీ అనే ఆయన దాన్ని సాకుతున్నారు.

మొదటి వారంలోనే వాడు నాకొక మీట చూపించాడు. కీబోర్డు ఎడమ అంచున వుండే ట్యాబ్ మీట. దస్త్రం పేరులో మొదటి రెండక్షరాలు కొట్టి ఆ మీట నొక్కితే, మిగిలిన పేరును షెల్లే పూర్తి చేస్తుంది. నా వణికే వేళ్ళకు అది ఊతకర్ర అయింది. అర్ధమాత్ర లాఘవం దొరికితే వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడతారని పెద్దలు చెప్పగా విన్నాను. ఇక్కడ ఒక్కొక్క మాటకు అయిదారు మీటలు కలిసివస్తుంటే నా సంబరం ఎంతో మీరే ఊహించుకోండి.

ఈ పూరణ విద్య బాష్‌తో పుట్టినది కాదు. అంతకు ముందే, అమెరికాలో బీబీఎన్ సంస్థవారు తయారుచేసిన టెనెక్స్ అనే వ్యవస్థలో సగం మాట కొట్టి ఎస్కేప్ మీట నొక్కితే మిగతా సగం వచ్చేదట. టీసీషెల్లు అనే మరొక షెల్లు పేరులో ముందున్న 'టీ' ఆ టెనెక్స్‌కు గుర్తే. ఎక్కడి విద్య అయినా, దాన్ని చూడగానే నాకు మన అవధాన సభలు గుర్తుకు వచ్చాయి.

సమస్యాపూరణంలో పృచ్ఛకుడు చివరి పాదం యిస్తాడు, అవధాని ముందరి పాదాలు సమకూర్చి దాన్ని అర్థవంతం చేస్తాడు. ఇక్కడ మనం మొదలు యిస్తే షెల్లు చివర యిస్తుంది. తలక్రిందుల సమస్యాపూరణం. అంతకంటే దగ్గరి చుట్టం నిషిద్ధాక్షరి. అక్కడ పృచ్ఛకుడు అవధాని తరువాత ఏ అక్షరం వేయబోతున్నాడో ముందుగానే ఊహించి, అదే అక్షరాన్ని వద్దంటాడు. షెల్లు కూడా అచ్చంగా ఆ ఊహే చేస్తుంది. కాకపోతే వద్దనదు, తెచ్చి చేతిలో పెడుతుంది. ఊహించడం ఒక్కటే విద్య, అడ్డుపెట్టడానికీ పనికివస్తుంది, ఆదుకోవడానికీ పనికివస్తుంది. ఈ సామ్యం నాకు తట్టిన రోజున మా మిత్రుని దగ్గరకు వెళ్ళి చెబితే మంచం మీదనే నవ్వారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఆసుపత్రిలో ఆయన నన్ను దగ్గర కూర్చోమని, "కర్ర అనే మాట నా పుస్తకాల్లో సరిగా వ్రాయలేదు పంతులుగారూ. ఇప్పుడు చెబుతాను, వ్రాసుకోండి. రైతు యింట్లో ఏడు కర్రలు వుంటాయి. ఏడింటికీ ఏడు పేర్లు, ఏడు పనులు" అన్నారు. నా మనుమడి చిన్న కంప్యూటరు వెంట తీసుకుపోయి వున్నాను. ఆయన చెబుతుంటే మెల్లగా కొట్టుకున్నాను. మధ్యలో దగ్గు వచ్చి ఆగేవారు, మళ్ళీ చెప్పేవారు. ఇంటికి వచ్చి ఆ దస్త్రాన్ని మిగతావాటిలో కలిపాను. కాగితం మీద వ్రాయలేదు. ఆయన నాకు చెప్పిన చివరి మాటల్లో అది ఒకటవుతుందని ఆ వేళ నాకు తెలియదు. పదిహేను రోజులకు వెళ్ళిపోయారు.

నెల తిరిగాక మళ్ళీ పని మొదలుపెట్టాను. అప్పటికి రెండువేల పైచిలుకు దస్త్రాలు అయినాయి. ఒక మధ్యాహ్నం 'కర్రు' అనే మాట ఎక్కించాలి. నాగలి కొనకు బిగించే యినుప పలక. ఆజ్ఞ ఎలా వుంటుందంటే, క్యాట్ అని వ్రాసి, కుడివైపుకు తిరిగిన ఒక బాణపు గుర్తు పెట్టి, ఆ తరువాత దస్త్రం పేరు. ఎంటర్ నొక్కి విషయం కొట్టుకుపోవడమే. నేను 'కర్' వరకు కొట్టాను. వేలు అలవాటు చొప్పున ట్యాబ్ మీదకు పోయింది. పేరు పూర్తి అయింది. ఎంటర్ నొక్కాను. విషయమంతా కొట్టి, మరొక మాటకు పోయాను.

మూడు రోజుల తరువాత ఎందుకో 'కర్ర' తెరిచి చూస్తే, అందులో నాగలి కర్రు వుంది. ఏడు కర్రలూ లేవు.

జరిగింది ఏమిటో అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. కర్రు అనే దస్త్రం అప్పటికి లేనే లేదు, నేను చేయబోతున్నాను. షెల్లుకు 'కర్'తో మొదలయ్యేది ఒక్కటే తెలుసు, కర్ర. కనుక దానితోనే పూరించింది. పూరించే యంత్రం వున్నదానినే యిస్తుంది, లేనిదాన్ని కల్పించలేదు. తప్పు దానిది కాదు. ఆ ఒంటి బాణం గుర్తుకు వున్న గుణమేమిటంటే, ఎంటర్ నొక్కగానే, ఆజ్ఞ ఇంకా నడవకముందే, ఆ పేరుగల దస్త్రాన్ని ఖాళీ చేసి సిద్ధంగా పెట్టుకుంటుంది. పలక తుడిచి పెట్టినట్టు. ముప్పై రెండేళ్ళు పిల్లల పుస్తకాల్లో కొమ్ము మరిచినందుకు ఎర్రసిరాతో సున్న చుట్టినవాడిని. ఒక్క కొమ్ము చూసుకోక స్నేహితుని మాటలు తుడిచివేశాను.

మా శిష్యునికి ఫోను చేశాను. వాడు దాచిన నకలు ఆ ఆసుపత్రి సాయంకాలానికి ముందటిది. మనుమడి చిన్న కంప్యూటరులో వెదికించాను, ఎక్కించాక అందులోనిది నేనే తీసివేసి వున్నాను. "తిరిగి రాదురా?" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "ఇకమీద పోకుండా చేద్దాం మాస్టారూ" అన్నాడు.

ఆ ఆదివారం వచ్చాడు. మొదట చేసింది నోక్లాబర్ అనే కట్టడిని పెట్టడం. అది వుంటే, వున్న దస్త్రం మీద ఒంటి బాణం ప్రయోగించగానే షెల్లు కుదరదని మొరాయిస్తుంది. నిజంగా తుడవాలనే అనుకుంటే బాణం పక్కన ఒక నిలువుగీత కూడా పెట్టి తీరాలి. ఇంత చిన్న కట్టడి ఎన్నో యేళ్ళుగా అందులోనే వున్నది, అడిగితే గాని పనిచేయదు. అంతటితో నా భయం తీరలేదు. "అది గోడరా. నాకు కావలసింది దీపం. ఏ మాట మీద చెయ్యి వేస్తున్నానో నాకు ముందే కనబడాలి" అన్నాను. "అయితే మనమే ఒక మీట తయారుచేసుకోవాలి మాస్టారూ" అన్నాడు వాడు. అలా మొదలయింది ఈ గొడవ.

ఇక్కడి నుంచి పాఠం. బాష్‌లో మనం కొట్టే ప్రతి మీటనూ అందుకునేది రీడ్‌లైన్ అనే గ్రంథాలయం. అందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు వుంది, ఆ పేరుకు ఒక్కొక్క మీట కట్టివుంది. ట్యాబ్ మీటకు కట్టిన పని పేరు కంప్లీట్. అది అన్ని రకాలా పూరించేది. అది కాక ఆల్ట్‌తో ప్రశ్నార్థకం నొక్కితే పూరించదగిన మాటలన్నీ జాబితాగా చూపుతుంది. ఆల్ట్‌తో నక్షత్రం గుర్తు నొక్కితే అన్నిటినీ వరుసగా తెచ్చి వాక్యంలో పెడుతుంది. ఆల్ట్‌తో ఏటవాలు గీత నొక్కితే కేవలం దస్త్రాల పేర్లు, డాలరు గుర్తు నొక్కితే చరరాశుల పేర్లు, ఆశ్చర్యార్థకం నొక్కితే కేవలం ఆజ్ఞల పేర్లు. ఒకే ప్రాతిపదికకు వేర్వేరు విభక్తులు చేరినట్టు. ఏ మీటకు ఏది కట్టివుందో చూడాలంటే బైండ్ అనే ఆజ్ఞకు ఒక హైఫను, పెద్దబడి 'పి' చేర్చి అడగాలి. మొత్తం పట్టిక చదివి వినిపిస్తుంది. కొత్తగా కట్టడానికీ బైండ్ ఆజ్ఞే. కట్టినవి ఎప్పటికీ నిలవాలంటే ఇన్‌పుట్‌ఆర్‌సి అనే దస్త్రంలోనో, బాష్‌ఆర్‌సి అనే దస్త్రంలోనో వ్రాసి వుంచాలి. వాటి పేర్లు చుక్కతో మొదలవుతాయి గనుక మామూలు జాబితాలో కంటికి కనబడవు.

ఉత్సాహం కొద్దీ శిష్యుడు వెళ్ళిపోయాక నేనే ఒక మీట కట్టబోయాను. మాటలు చూపే మీట గనుక 'మ'కారం బాగుంటుందని కంట్రోల్‌తో 'ఎమ్' ఎంచుకున్నాను. కట్టాను. ఆ తరువాత ఏ ఆజ్ఞ వ్రాసి ఎంటర్ నొక్కినా ఆజ్ఞ నడవదు, జాబితా వస్తుంది! రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ ఫోను. వాడు నవ్వు ఆపుకుని, "కంట్రోల్‌తో 'జె' నొక్కండి మాస్టారూ, అది కూడా ఎంటరులాగానే పనిచేస్తుంది. కట్టినది విప్పేసుకోండి" అన్నాడు. కారణం తరువాత చెప్పాడు. కంట్రోల్ మీట అక్షరపు సంకేతంలో పై భాగం కోసివేసి, వర్ణమాలలో దాని వరుస సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఎమ్ పదమూడవ అక్షరం. ఎంటర్ మీట పంపేదీ పదమూడే. షెల్లుకు ఈ రెండిటికీ తేడా తెలియదు. అలాగే 'ఐ' తొమ్మిదవది, ట్యాబ్ కూడా తొమ్మిదే. కనుక కంట్రోల్ ఐని తాకితే ట్యాబ్‌ను తాకినట్టే. రూపాలు వేరైనా స్థానం ఒకటైతే అక్కడ ఆదేశం యిద్దరికీ వర్తిస్తుందన్నమాట. వ్యాకరణం చదివినవాడిని, ఆ మాత్రం ముందే అడిగివుండవలసింది.

మరి ఏ మీట కట్టాలి? ఇక్కడ తెలుగువాళ్ళకు మాత్రమే వచ్చే చిక్కు ఒకటి వుంది. నేను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు కొడతాను. కీబోర్డు తెలుగులో వున్నప్పుడు 'ఎన్' మీట నొక్కితే ఎన్ పోదు, 'ల' పోతుంది. అక్షరం మీద ఆధారపడిన మీట భాష మారగానే వేరే మీట అవుతుంది. అందుకని పై వరుసలోని ఎఫ్5 ఎంచుకున్నాము. దానికి భాష లేదు. కంట్రోల్ వి నొక్కి వెంటనే ఎఫ్5 నొక్కితే ఆ మీట అసలు ఏమి పంపుతుందో తెర మీద కనబడుతుంది. ఎస్కేప్ గుర్తుతో మొదలై పదిహేను అనే అంకె వున్న చిన్న గుర్తుల వరుస. దాని పక్కనున్న ఎఫ్6 పదహారు పంపుతుందనుకుంటాము, పంపదు, పదిహేడు పంపుతుంది. ఏ మీటనూ ఊహతో కట్టకూడదు, అడిగి కట్టాలి అని మా శిష్యుడు నాకు నేర్పిన నీతి.

మీట కుదిరింది. ఇక అది పిలవవలసిన పనివాణ్ణి తయారుచేయాలి. బాష్‌లో పూరణకు సొంత ప్రమేయాలు వ్రాసుకునే వీలు 2000లో వచ్చింది. కంప్లీట్ ఆజ్ఞకు పెద్దబడి 'ఎఫ్' చేర్చి, ఫలానా ఆజ్ఞ వెంట పూరణ అడిగితే ఫలానా ప్రమేయాన్ని అడుగు అని నియమించవచ్చు. ఆ ప్రమేయానికి, అప్పటిదాకా కొట్టిన పదాలన్నీ ఒక వరుసగా, కర్సరు వున్నది ఎన్నవ పదమో ఒక అంకెగా అందుతాయి. అది తన జవాబులను కాంప్‌రిప్లై అనే పళ్ళెంలో పెట్టి తిరిగి యివ్వాలి. పృచ్ఛకుడు, ప్రశ్న, పూరణ అన్నీ కుదిరినాయి. కాని ఈ నియామకం ఆజ్ఞ పేరుకు గాని మీటకు కాదు. ఏ ప్రమేయమైనా ట్యాబ్ వంటి పూరణ మీట పిలిస్తేనే పలుకుతుంది. ఒక ప్రమేయానికి సొంతంగా ఒక మీట కావాలంటే జీషెల్లులో సూటి దారి వుంది. 1990లో ప్రిన్స్‌టన్‌లో చదువుతున్న పాల్ ఫాల్‌స్టాడ్ మొదలుపెట్టిన షెల్లు అది. అందులో జెడ్‌ఎల్‌ఈ ఆజ్ఞకు పెద్దబడి 'సి' చేర్చి పూరణ ప్రమేయానికి ఒక పేరు పెట్టి, ఆ పేరును బైండ్‌కీ ఆజ్ఞతో ఏ మీటకైనా కట్టవచ్చు. బాష్‌లో ఆ సౌకర్యం లేదు గనుక మేము పక్కదారి పట్టాము. బైండ్‌కు చిన్నబడి 'ఎక్స్' చేర్చితే మీటకు ఏ షెల్లు ప్రమేయాన్నయినా కట్టవచ్చు. 2009లో వచ్చిన నాలుగవ బాష్ నుంచి అలా పిలిచిన ప్రమేయానికి రీడ్‌లైన్_లైన్ అనే చరరాశిలో మనం కొట్టిన వాక్యమంతా అందుతుంది, రీడ్‌లైన్_పాయింట్ అనే చరరాశిలో కర్సరు స్థానం అందుతుంది. ప్రమేయం ఆ రెండిటినీ మార్చితే తెర మీది వాక్యం మారుతుంది.

ఇప్పుడు నేను 'కర్' అని కొట్టి ఎఫ్5 నొక్కితే ఏమవుతుందో చెబుతాను. ప్రమేయం వాక్యంలోని చివరి ముక్కను విడదీస్తుంది. ఆ ముక్కతో మొదలయ్యే దస్త్రాలన్నిటినీ ఏరి, ఒక్కొక్కదానికి ముందు ఒక అంకె, పక్కనే ఆ దస్త్రంలోని మొదటి పంక్తి వేసి చూపుతుంది. కర్ర, కర్రు ఒకదాని క్రింద ఒకటి, వాటి అర్థాలతో సహా. నేను ఒక అంకె నొక్కితే ఆ మాట పూర్తిగా వాక్యంలో వచ్చి కూర్చుంటుంది. అంతే. ఎంటర్ మాత్రం అది నొక్కదు. "అది కూడా నొక్కేలా చేయనా మాస్టారూ?" అని అడిగితే వద్దన్నాను. ఆఖరి మాట మనిషిది కావాలి. తెలుగు కీబోర్డుకు మారడం మరిచిపోయిన వేళల కోసం ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా గుర్తుపట్టేట్టు ఒక రెండు వరుసల పట్టిక కూడా చేర్చాడు. ఒక వైపు ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, ఒక వైపు తెలుగు పేరు.

ఆ పాత ట్యాబ్ మీటకు మరొక దోషం వుందని ఈ పని చేస్తుండగా తెలిసింది. కర్ర, కర్రు రెండూ దస్త్రాలుగా వున్నప్పుడు 'కర్' దగ్గర ట్యాబ్ నొక్కితే, రెండిటికీ ఉమ్మడిగా వున్నంత మేరకు పూరించి ఆగుతుంది. మనకు కర్రు అంటే రెండక్షరాలు, క, ర్రు. యంత్రానికి యూనికోడులో అయిదు సంకేతాలు. క, ర, పొల్లు, ర, కొమ్ము. యుటిఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్ల చొప్పున పదిహేను బైట్లు. కర్రలో కొమ్ము ఒక్కటే తక్కువ. కనుక ఉమ్మడి భాగం 'కర్ర' అయింది. సగంలో ఆగిన మాటే మరొక నిండుమాటగా కనిపిస్తూ మోసం చేస్తుంది. కత్తి, కత్తెర వుంటే 'కత్త' దగ్గర ఆగుతుంది. అక్షరాన్ని ముక్కలు చేయకూడదని బడిలో మొదటి రోజే చెబుతాము, యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అందుకని ట్యాబ్‌కు కంప్లీట్ విప్పేసి మెనూ కంప్లీట్ కట్టుకున్నాను. అది ఉమ్మడి ముక్క దగ్గర ఆగదు, నొక్కినకొద్దీ ఒక్కొక్క నిండుమాటనే చూపుతూ పోతుంది.

ఇంత కట్టుదిట్టం అయ్యాక కూడా ఆ ఏడు కర్రలూ తిరిగి రాలేదు. చెప్పుకోవలసిన చోట ఇంకా చెప్పుకోలేదు. మిత్రుని భార్య నెలకొకసారి ఫోను చేసి, "ఎంతవరకు వచ్చింది అన్నయ్యగారూ?" అని అడిగేవారు. నేను దస్త్రాల లెక్క చెప్పి తప్పించుకునేవాడిని. చివరకు ఒక రోజు బస్సు ఎక్కి వాళ్ళ వూరు వెళ్ళాను. కాఫీ యిచ్చారు. గ్లాసు చేతిలో పెట్టుకుని, "అమ్మా, ఆయన ఆసుపత్రిలో చెప్పిన మాటలు నా చేతులతో నేనే తుడిచివేశాను" అని చెప్పాను. ఒంటి బాణం గురించి, కొమ్ము గురించి ఏదో వివరించబోయి ఆగిపోయాను. ఆమెకు ఆ వివరాలతో పని లేదు.

ఆమె కాసేపు వూరుకున్నారు. తరువాత, "ఏడు కర్రలా? అవి ఆయన మాటలు కావు అన్నయ్యగారూ, మా నాన్నవి. పెళ్ళయిన కొత్తలో మా యింటి చావిట్లో కూర్చుని ఆయన వ్రాసుకున్నారు" అన్నారు. వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు. ఎద్దులను అదిలించే ముల్లుకర్ర. పాకకు, పందిరికి ఆసరా యిచ్చే పంగలకర్ర. పరుగెత్తే పశువు మెడలో కట్టే గుదికర్ర. చింతకాయలు దులిపే దోటికర్ర. ముసలివాళ్ళ చేతికర్ర. అయిదు వేళ్ళు మడిచాక ఆగారు. రెండవ చెయ్యి ఎత్తి, అలాగే వుంచారు. "ఇంకా రెండు వుండాలి. నాలుక మీదే వున్నాయి" అన్నారు. అరగంట కూర్చున్నాము. రాలేదు. "వస్తే ఫోను చేస్తాను" అన్నారు. నా మీద కోపం ఆమె ముఖంలో కనబడలేదు. కనబడివుంటే నాకు తేలికగా వుండేదేమో.

ఇంటికి వచ్చి 'కర్ర' దస్త్రంలో ఆ అయిదూ వ్రాశాను. ఈసారి మొదట కాగితం మీద, తరువాత యంత్రంలో. ఆరు, ఏడు అని అంకెలు వేసి ఎదుట ఖాళీ వుంచాను. మొదటి పంక్తిలో 'ఏడు కర్రలు, రెండు దొరకవలసి వున్నవి' అని పెట్టాను. ఎఫ్5 నొక్కినప్పుడల్లా ప్రమేయం ఆ మొదటి పంక్తినే చూపుతుంది గనుక, 'కర్' అని ఏ పని మీద కొట్టినా ఆ బాకీ నా కళ్ళ ముందుకు వస్తుంది. మా శిష్యుడు చూసి, "దీన్ని తీసేసి మామూలు అర్థం పెట్టుకోండి మాస్టారూ, ఊరికే మనసు పాడుచేసుకుంటారు" అన్నాడు. "వుండనీరా" అన్నాను.

ఇప్పటికి తొమ్మిది నోటుపుస్తకాలు పూర్తి అయినాయి, పదవది నడుస్తున్నది. వేళ్ళ వణుకు కొంచెం పెరిగింది, మీటల సంఖ్య కొంచెం తగ్గింది, రెండూ సరిపోతున్నాయి. మీలో ఈ షెల్లు వాడేవారుంటే, ఈ పూట చేయవలసిన పని ఒకటి చెబుతాను. నోక్లాబర్ కట్టడి పెట్టుకోండి. తరువాత మీకు నచ్చిన మీట కట్టుకోండి, కంట్రోల్ ఎమ్ మాత్రం వద్దు.

షెల్లు వాడనివారికి వేరొక మనవి. మీ యింట్లో సేద్యం ఎరిగిన పెద్దవారు ఎవరైనా వుంటే, రైతు యింట్లో ఎన్ని కర్రలు వుండేవో, వాటి పేర్లేమిటో ఒకసారి అడగండి. నేను వ్రాసిన అయిదూ కాక వారు ఇంకేమైనా చెబితే, దయచేసి నాకు తెలియజేయండి. ముందు కాగితం మీద వ్రాసుకోండి.

సెలవు.